నిప్పు మారితే పండుగ మారునా?

నిప్పును వశపరచుకొన్న నాటినుండి మానవుడు తన సంతోషాన్ని పదిమందితో కలిసి వండి తినుటలోనే ప్రకటించుకొంటున్నాడు. బక్రీదునాడు కుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి పేదలకు, ఒకటి బంధుమిత్రులకు పంచి, మిగిలినది ఇంట వండుకొనుట మన ఆచారం. ఆ సాయంకాలం మేడమీదనో, పెరటిలోనో కుంపటి రాజేసి, సీకులకు గుచ్చిన కబాబులు కాల్చనిదే అనేక కుటుంబాలకు పండుగ ముగిసినట్లు తోచదు. ఆ కుంపటి స్థానంలోకి నేడు అధికోష్ణంతో పనిచేసే పరారుణ గ్రిల్లు వచ్చి చేరుతున్నది. “యంత్రం మీద కాల్చినది కూడా కబాబేనా?” అని పెద్దలు పెదవి విరుస్తున్నారు. వారి సందేహం తోసివేయదగినది కాదు. అయితే దానికి సమాధానం మన భౌతికశాస్త్ర పాఠంలోనే ఉన్నది.

ఉష్ణం వహనం, సంవహనం, వికిరణం అనే మూడు మార్గాల ప్రయాణిస్తుంది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపునకు ఆవల, కంటికి ఏ వెలుగూ కనబడని చోట ఉష్ణమాపకం మరింత పైకి ప్రాకుటను గమనించాడు. ఆ కనబడని కిరణాలే పరారుణ కిరణాలు. కుంపటిలో కణకణలాడే నిప్పులనుండి కబాబును చేరే వేడిలో అధికభాగం వీటిదే. గ్రిల్లులో గ్యాసు మంట సన్నని రంధ్రాలుగల పింగాణీ పలకను ఎర్రగా కాలుస్తుంది. ఆ పలకే నిప్పుల పని చేస్తుంది. మాంసపు ఉపరితలం సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే అందలి ఆమినో ఆమ్లాలకు, చక్కెరలకు మధ్య ఒక చర్య జరిగి, గోధుమవన్నె, కమ్మని వాసన పుట్టుకొస్తాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ 1912లో వివరించిన ఈ చర్యకు వేడి కావాలి గాని, ఆ వేడి బొగ్గునుండి వచ్చినదా, పలకనుండి వచ్చినదా అన్న విచక్షణ లేదు.

హైదరాబాదువారి ‘పత్థర్ కా గోష్త్’ను చూడండి. అందులో మాంసం నిప్పును తాకదు. నిప్పులపై కాగిన నల్లరాతి పలకమీద కాలుతుంది. నిప్పునకు, మాంసానికి నడుమ రాతిని ఉంచినవారిని మన పూర్వులు ఆచారభ్రష్టులనలేదు. వారి వంటకాన్ని మెచ్చుకొని తిన్నారు. నూతనత్వాన్ని రుచితో పరీక్షించుట మన వంటశాలకు క్రొత్త కాదు.

కొవ్వు బొట్లు నిప్పులమీద పడి లేచే పొగ ఇచ్చే పరిమళం గ్రిల్లులో కొంత తగ్గునన్నమాట నిజమే. దానికీ మన వంటశాలలోనే ఉపాయమున్నది. గిన్నె మధ్య చిన్న మూకుడులో ఒక్క నిప్పు ఉంచి, దానిపై నేయి చుక్క వేసి మూతపెట్టే ‘ధుంగార్’ ఆ లోటు తీర్చగలదు.

అయితే ఈ యంత్రం సర్వార్థసాధకం కాదు. హలీమునకు, పాయాకు, నిహారికి గంటల తరబడి సన్నని సెగ కావాలి. ఎముకల చుట్టూ ఉన్న గట్టి పదార్థం కరిగి జిగురుగా మారుటకు ఓర్పు తప్ప మరొక మార్గం లేదు. పచ్చి బొప్పాయి పట్టించి నానబెట్టిన పలుచని ముక్కలకే తీవ్రమైన వేడి తగును. ఆదమరచితే నిమిషాల్లో అవి బొగ్గవుతాయి. మాడిన మాంసం ఆరోగ్యానికి హానికరం. గ్రిల్లును గాలి ఆడే ఆరుబయటనే ఉంచవలెను.

ఇక అసలు విషయానికి వస్తాను. బొగ్గు రుచిని పొగడేవారిలో ఎందరు ఆ బొగ్గును స్వయంగా రాజేశారు? తినేవారు చాపమీద, ఊదేవారు పొగలో — ఇదే మన పండుగల చిత్రం. ఇండ్లలోని పొయ్యిల పొగ, కాలుష్యం 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మరణాలకు కారణమైనవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పండుగ కుంపటి ఒక్కరోజుదే కావచ్చు; కాని ఏడాది పొడుగునా పొయ్యి పొగ పీల్చిన కళ్లే పండుగనాడూ మండుతున్నవి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం క్రింద పేద స్త్రీలకు గ్యాసు అందనారంభించినప్పుడు, కట్టెలపొయ్యి అన్నపు రుచి పోయెనని వాపోయినవారు లేకపోలేదు. రుచిని గూర్చి విలపించినవారు ఊపిరిని గూర్చి ఆలోచించలేదు.

విద్యార్థులారా! యంత్రం వచ్చినంత మాత్రాన తల్లికి విశ్రాంతి రాదు. పొగ లేని గ్రిల్లు ముందు కూడా ఆమెనే నిలబెట్టితే మారినది నిప్పే గాని న్యాయం కాదు. వచ్చే బక్రీదుకు సీకులు మీరు పట్టండి. మీ తల్లులను, అక్కచెల్లెండ్రను చాపమీద కూర్చుండబెట్టండి. గ్రిల్లు వెల అధికమైతే నాలుగిండ్లవారు కలిసి ఒకటి కొనవచ్చు. పంచుకొనుటే గదా ఈ పండుగ పరమార్థం.

కళాశాల పాలకవర్గంవారికీ ఒక మనవి. ఈద్ మిలాప్ విందును వంటవారికి అప్పగించే బదులు, ఒక్క గ్రిల్లు తెప్పించి విద్యార్థుల చేతనే వండించండి. భౌతికశాస్త్ర విద్యార్థి వికిరణాన్ని కంటితో చూస్తాడు; తెలుగు విద్యార్థికి ‘పరారుణం’ అన్న మాట నాలుకకు తెలుస్తుంది; అందరికీ వంట చేయుటలోని శ్రమ తెలుస్తుంది. ఆ శ్రమ తెలిసిన చేతితో వడ్డించిన ముక్క, బొగ్గుమీద కాలినా పలకమీద కాలినా, పండుగ ముక్కే.