టేబుల్ ఎవరి గదిలో ఉంది?

ఆటకు కులం లేదంట. బంతికి కులం లేదంట. కర్ర పట్టినోడి చేతిలో పసుంటే చాలంట. మా స్టాఫ్‌రూములో ఒక అగ్రకుల మేష్టారు నాకు వినపడేట్టు చెప్పిన సువార్త ఇది. 2025 మే నెలలో చైనా కుర్రాడు జావో షింటాంగ్ స్నూకర్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆసియా నుంచి ఆ పట్టం కట్టుకున్న మొదటివాడు. "చూశారా మేష్టారూ, అక్కడ రిజర్వేషన్ ఉందా? గెలిచినోడే గెలిచినట్టు. అదీ మెరిట్ అంటే!" అని సెలవిచ్చారాయన.

మెరిట్ అన్న మాట మాకు కొత్త కాదు. 1990లో మండల్ వ్యతిరేకులు రోడ్ల మీద బూట్లు పాలిష్ చేసి, చీపుళ్ళు పట్టి ఊడ్చి, మా తాతల కష్టాన్ని ఎగతాళి చేసింది ఈ మాట పేరుతోనే. కాబట్టి ఈ స్నూకర్ మెరిట్ సంగతేందో తేల్చుకుందాం.

ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో, నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర ఆఫీసరు బిలియర్డ్స్ టేబుల్ మీద రంగు బంతులు పేర్చి మొదలుపెట్టాడు. 1882లో ఊటీ క్లబ్బులో దానికి నియమాలు రాశారు. దొరలు పోయారు, టేబుళ్ళు మాత్రం క్లబ్బుల్లోనే ఉండిపోయినయ్. తెల్లదొర వదిలిన కర్ర నల్లదొర పట్టుకున్నాడు. ఆ గదిలో మనవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఏ పనిలో ఉన్నారో చెబుతాను.

మా నాయన టౌనులో ఒక క్లబ్బులో పనిచేసేవాడు. పొద్దున్నే పోయి టేబుల్ మీది పచ్చగుడ్డకు ఒకే దిక్కుగా బ్రష్షు పట్టి, ఇస్త్రీ పెట్టెతో సాపు చేసేవాడు. ఒంటి మీద ఏనాడూ ఇస్త్రీ చొక్కా ఎరగని మనిషి ఇరవై ఏళ్ళు ఆ టేబుల్‌కు ఇస్త్రీ చేశాడు. గుడ్డ ముట్టుకోవచ్చు, కర్ర ముట్టుకోకూడదు. "ఎట్టా ఆడతారు నాయనా అది?" అని అడిగితే, "నాకేం తెలుసురా అబ్బాయ్, వాళ్ళొచ్చేలోగా మనం బయటికి రావాల" అనేవాడు.

స్నూకర్ టేబుల్ పొడవు పన్నెండడుగులు, వెడల్పు ఆరడుగులు. గుడ్డ కింద పలకరాయి. బరువు టన్ను దాటుద్ది. చుట్టూ తిరిగి కర్ర ఆడాలంటే ఇరవైరెండడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పు గది కావాలి. మా పల్లెలో మేం ఆరుగురం పడుకున్న ఇల్లు అందులో సగం లేదు.

అయితే అది డబ్బున్నోళ్ళ ఆట, మనకెందుకు అంటారు మనవాళ్ళే కొందరు. ఆ మాటా తప్పే. వేల్స్‌లో బొగ్గుగని కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి పెన్నీ పెన్నీ వేసుకుని సొంత హాళ్ళు కట్టుకున్నారు. వాటిల్లో పుస్తకాలు పెట్టుకున్నారు, బిలియర్డ్స్ టేబుళ్ళూ పెట్టుకున్నారు. ట్రెడిగర్ అనే ఊళ్ళో రే రియర్డన్ అట్లాంటి హాల్లోనే ఆట నేర్చాడు. పద్నాలుగేళ్ళకే గనిలోకి దిగాడు. చేతులు పాడైతే ఆట పోద్దని తెల్ల గ్లవుజులు తొడుక్కుని బొగ్గు పని చేశాడు. 1970 నుంచి 1978 దాకా ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దొరల మెస్సులో పుట్టిన ఆటను అక్కడి గని కూలీ ఎట్టా గెలిచాడు? టేబుల్ తన వాళ్ళ హాల్లో ఉంది గనక. ముందు హాలు లేచింది, మెరిట్ ఆ తర్వాత పుట్టింది.

ఇక డింగ్ జున్‌హుయ్. చైనా కుర్రాళ్ళకు దారి వేసినవాడు. నాకూ అతనికీ ఒకే వయసు, ఇద్దరం 1987లో పుట్టాం. కొడుకు ఆట కోసం ఆ తండ్రి ఉన్న ఇల్లు అమ్మాడు. 2002లో, పదిహేనేళ్ళకు, డింగ్ అండర్-21 ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2003లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2005లో, పద్దెనిమిది నిండిన వారంలోనే, చైనా ఓపెన్ ఫైనల్లో స్టీఫెన్ హెండ్రీని 9-5తో కొట్టాడు. ఆ ఏడాది చివర్లో యూకే చాంపియన్‌షిప్ ఫైనల్లో స్టీవ్ డేవిస్‌ను 10-6తో కొట్టాడు. 2014లో ప్రపంచ నంబర్ వన్.

అతని చేతికి దండం పెడతాను. కానీ మా నాయన ఏం అమ్మాల? మాకున్నది సర్కారిచ్చిన డి-పట్టా స్థలం. 1977 చట్టం ప్రకారం అప్పట్లో దాన్ని అమ్మితే చెల్లేది కాదు. పదిహేనేళ్ళప్పుడు నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో నీళ్ళచారు తాగుతూ పదో తరగతి చదివాను. మా ఇంటిపేరు మీద మొదటి డిగ్రీ నాది. అక్కడ ఇల్లు అమ్మిన డబ్బు ఏ పని చేసిందో ఇక్కడ హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషన్ ఆ పని చేసినయ్. ఆ తండ్రి పెట్టింది పెట్టుబడి అయింది, నాకొచ్చింది భిక్ష అయింది. ఇదెక్కడి న్యాయం?

ప్రొఫెషనల్ ఆటగాడంటే నెలజీతగాడు కాదు. కొత్తగా వచ్చినోడికి రెండేళ్ళ కార్డు ఇస్తారు. ఆలోగా మొదటి 64 మందిలోకి ఎక్కకపోతే ఆ కార్డు పోయే ప్రమాదం. ప్రయాణాలు, హోటళ్ళు, ఇంగ్లండులో మకాం సొంత ఖర్చు. కింది ర్యాంకు ఆటగాళ్ళు నిలదొక్కుకోడానికి 2022-23 సీజన్ నుంచి తలకు కనీసం 20 వేల పౌండ్ల రాబడికి హామీ ఇచ్చారు. మెరిట్ రాజ్యంలోనూ కాలు పెట్టడానికి ఒక మెట్టు వేయాల్సొచ్చింది. దాన్ని ఎవరూ కోటా అని ఈసడించలేదు!

మా మేష్టారు మెచ్చిన జావో సంగతీ చూద్దాం. 2023లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో పదిమంది చైనా ఆటగాళ్ళను నిషేధించారు. తన మ్యాచ్ అమ్ముకోకపోయినా, ఇంకొకడి ఫిక్సింగ్‌లో పాలుపంచుకున్నానని, బెట్టింగ్ చేశానని జావో ఒప్పుకున్నాడు. ఇరవై నెలల శిక్ష. అది తీరాక అమెచ్యూర్‌గా క్వాలిఫయింగ్ నుంచి ఆడుకుంటూ వచ్చి, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించాడు. బాగుంది. తప్పుకు శిక్ష ఉండాల, శిక్షకు గడువు ఉండాల. ఏ తప్పూ చేయని మా వాడల పిల్లల మీద నిషేధం ఎన్ని నెలలు మేష్టారూ? మా పిల్లోడు ఒక లెక్క తప్పితే అది వాడి తప్పు కాదు, కులం తప్పంటారు. మీ పిల్లోడు పదిసార్లు తప్పినా అది వాడి అదృష్టం తప్పంటారు.

ఇప్పుడు టౌన్లలో పార్లర్లు వచ్చినయ్ కదా, ఎవరైనా ఆడొచ్చు కదా అంటారు. గంటకింతని లెక్కగట్టే చోట రోజంతా సాధన చేయడానికి కూలోడి బిడ్డ ఎవరి జేబులో చెయ్యి పెట్టాల? నా బళ్ళో పిల్లలు ఇంటర్‌వెల్లో గోళీలాడతారు. ఏ వాటంలో కొడితే ఏ గోళీ ఎటు పోద్దో వాళ్ళకు తెలుసు. ఆ చూపును అల్లరంటున్నాం. క్లబ్బులో అయితే దానికి కోచ్‌ని పెడతారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మెరిట్ అన్నవాడితో మార్కుల దగ్గర వాదన మొదలుపెట్టొద్దు. గది ఎవరిది, తాళం ఎవరి మొలన ఉంది అని అడగండి. సర్కారు భూముల్లో నడిచే క్లబ్బుల లీజు కాగితాలు బయటపెట్టమని అడగండి. ప్రతి సంక్షేమ హాస్టలుకు ఆటస్థలం, ఆట సామాను, వ్యాయామ టీచరు కావాలని అడగండి. ఇవి ఇచ్చిన ఇరవై ఏళ్ళకు మెరిట్ లెక్క తేల్చుకుందాం, మేం సిద్ధం. అప్పటిదాకా మా రిజర్వేషన్ మీద నోరు పారేసుకునే హక్కు మీకు లేదు.