పరుగు మధ్యలో ఆపితే తప్పేమిటి?

ఈమధ్య మన కుటుంబాల్లో చాలామంది రన్నింగ్ క్లబ్బుల్లో చేరి పందేలకు వెళ్తున్నారు. మాకు సంతోషమే. షుగరు, బీపీ ఉన్నవారికి వ్యాయామం మంచిదని వార్డులో రోజూ చెప్పేది మేమే కదా!

అయితే ఒక మాట. హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో. ఫుల్ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఆ నెలలో గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడేవారిని "ఇంకొంచెమే, పరుగెత్తు" అనకండి. నీడకు చేర్చి, చల్లని నీళ్లతో ఒళ్లంతా తడుపుతూ, వెంటనే 108కి ఫోన్ చేయండి.

అలాగని అదేపనిగా నీళ్లు తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయింది. దాహం వేసినంతే తాగండి.

జ్వరం ఉంటే పందానికి వెళ్లవద్దు. పరుగులో ఛాతీ నొప్పి వస్తే అక్కడే ఆగిపోండి. క్లబ్బులవారికి మా మనవి ఒకటే: గెలిచినవారికి చప్పట్లు కొట్టినట్టే, ఒంట్లో బాగాలేక ఆగినవారినీ మెచ్చుకోండి. ఎగతాళికి జడిసి ఎవరూ పరుగెత్తకూడదు. పందెం వచ్చే ఏడూ ఉంటుంది. క్షేమంగా ఇంటికి రండి.