నాణెం మీది సంవత్సరం

అరసవల్లిలోని మా ఇంట దాదీజాన్ చెక్కపెట్టె అడుగున, పాత గుడ్డమూటలో పదకొండు వెండి రూపాయలు లభించాయి. ఒకవైపు విక్టోరియా రాణి ముఖం, మరొకవైపు 1862. మా మేనల్లుడు అప్పటికే రెండింటిని చింతపండుతో తళతళలాడేలా తోమేశాడు.

"మామూ, నూట అరవై ఏళ్ళనాటి అరుదైన నాణేలని రాసి అమ్మకానికి పెడదాం."

"అరుదైనవని ఎవరు చెప్పారు బేటా?"

"సంవత్సరమే చెబుతోంది కదా!"

సంవత్సరం అన్నివేళలా నిజం చెప్పదు. ఆ నమూనా రూపాయలపై దాదాపు పన్నెండేళ్ళపాటు, 1874లో పద్ధతి మారేవరకు, టంకశాలలు 1862 అనే ముద్రించాయి. కొన్నింటిపై ఉండే చిన్న చుక్కలను బట్టి అసలు ఏడు పోల్చుకోవాలి. అవి విస్తారంగా తయారైనందున నేటికీ తరచుగా కనబడతాయి. ఒక్కొక్కటి తులం బరువు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. సాధారణమైనదానికి ఆ వెండి విలువే ప్రధానం.

అమెరికాలోనూ ఇటువంటి ఉదంతమే ఉంది. 1804 అని ముద్రించిన వెండి డాలర్లు నిజానికి ఆ ఏట తయారైనవి కావు. మస్కట్ పాలకుడు సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్‌కు, సయాం రాజుకు కానుకలుగా పంపడానికి 1834 ప్రాంతంలో వాటిని తొలిసారి ముద్రించారు. రాయబారి ఎడ్మండ్ రాబర్ట్స్ వాటిని తీసుకువెళ్ళాడు. అటువంటి డాలరు ఒకటి 1999లో నలభై లక్షల డాలర్లకు పైగా ధర పలికింది. సంవత్సరం సరికాదని అందరికీ తెలిసినా అంత ధర ఎందుకు? అవి వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే ఉన్నందువల్ల. నాణేనికి విలువ తెచ్చేది వయసు మాత్రమే కాదు. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నది కూడా.

ఆ స్థితిని చింతపండు చెరుపుతుంది. ఏళ్ళ తరబడి వెండిపై ఏర్పడిన సహజమైన నల్లని ఛాయనే సేకర్తలు కోరుకుంటారు. తోమిన నాణేనికి వెల తగ్గుతుంది.

"అయితే తోమినట్టు చెప్పకుండా ఉంటే?" అన్నాడు వాడు, చిన్నగా.

కొనేవాడు ఫొటో చూసి మన మాట నమ్ముతాడు. లోపం చెప్పి అమ్మితే ధర తగ్గవచ్చు. దాచి అమ్మితే బరకత్ పోతుంది.

వాడు కాసేపు ఆలోచించి ఇలా రాశాడు: "1862 ముద్ర గల రూపాయలు. సాధారణమైనవి. రెండింటిని తోమాము."