ఆన్‌లైన్‌లో ప్రాక్టికల్సా?

సంపాదకులకు,

ఆన్‌లైన్ పాఠాలు పల్లెకూ పట్నానికీ ఉన్న తేడాను చెరిపేశాయని గత సంచికలో వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోను. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో హాస్టళ్లు మూసినప్పుడు కడపలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న నేను మా ఊరు ఒంటిమిట్టకు తిరిగొచ్చాను. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనే నాకూ తమ్ముడికీ. సిగ్నల్ కోసం మిద్దెక్కాలి. మా సీమ ఎండలో మిద్దె మీద గంటసేపు ఎవరు కూర్చోగలరు? పైగా ఆడపిల్ల ఇంటిపట్టున ఉంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క. పాఠం నడుస్తుండగానే వంటింట్లోంచి పిలుపొచ్చేది.

అన్నిటికంటే పెద్ద నష్టం ప్రాక్టికల్స్‌లో జరిగింది. టైట్రేషన్‌లో ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగుకు తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర బ్యూరెట్ ఆపడం చేతికి అలవాటు కావాల్సిన పని. వీడియో ఎన్నిసార్లు చూసినా అది రాదు. రికార్డు చేసిన పాఠాలు పరీక్షల ముందు మళ్లీ వినడానికి పనికొచ్చాయి, ఆ మాట నిజం.

కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చని యూజీసీ 2021లో ప్రతిపాదించింది. ఆ వాటాలో ల్యాబును ఎన్నడూ కలపకూడదు. లాక్‌డౌన్ రోజుల్లో ల్యాబు ముఖం సరిగా చూడకుండానే పట్టా అందుకున్నవాళ్లకు విశ్వవిద్యాలయాలు ఇప్పటికైనా సెలవుల్లో ల్యాబులు తెరిచి నేర్పించాలి.

– ఒక పాఠకురాలు, ఒంటిమిట్ట, కడప జిల్లా