పాట అమ్మాయిదే, మరి సంతకం ఎవరిది?

మొన్న ఆదివారం మా ఇంటికో కాగితం వచ్చింది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి గోదావరి వరదల మీద ఒక ర్యాప్ పాట రాసుకుంది. లంకల్లో నీళ్ళొస్తే సామానంతా మేడ మీదికి చేరవేసుకునే ఆడవాళ్ళ గురించి. ఫోన్‌లో పాడి స్నేహితులకి పంపితే, అది చేతులు మారి ఒక ఛానెల్ వాళ్ళకి చేరింది. "ఐదు వేలిస్తాం, పాట మాకిచ్చెయ్యండి" అన్నారు. పిల్ల మైనరు కాబట్టి తండ్రి సంతకం చెయ్యాలట. మా ఆయన అప్పటికే పెన్ను తీశారు.

పక్కన కాఫీ తాగుతున్న మా ఆడపడుచు ఊరుకోలేదు. "ఆడపిల్లకి ఆ ర్యాపేవిటి వదినా? చేతులూపుకుంటూ, నా అంతటిది లేదని గొప్పలు చెప్పుకుంటూ! కూచిపూడి నేర్పించావుగా, అది చాలదూ?" అంది.

ఆ పూట ఇద్దరికీ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ముందు ఆడపడుచు సంగతి.

గొప్పలు చెప్పుకోవడం మన సంప్రదాయం కాదా? తిరుపతి వేంకట కవులు ఇద్దరూ మన గోదావరి వాళ్ళే. ఒకరిది కడియం, ఒకరిది భీమవరం దగ్గర యండగండి. మమ్మల్ని గెలిచినవాళ్ళుంటే ఈ మీసం తీసేస్తామని పద్యంలోనే సవాలు విసిరారు. బీఏలో మా మాష్టారు ఆ పద్యం చెబుతుంటే క్లాసంతా చప్పట్లు కొట్టింది. అప్పటికప్పుడు మాట కట్టడం, లయ తప్పకపోవడం, ఎదుటివాడి నోరు మూయించడం... ర్యాప్‌లో వీళ్ళు చేసేదీ అదే కదా! మీసమున్నవాళ్ళు చేస్తే అవధానమూ, జడున్న పిల్ల చేస్తే నోటిదురుసూనా?

కూచిపూడి మాటొచ్చింది కాబట్టి రాజా కుమారి గురించి చెప్పాలి. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. 1986లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగువాళ్ళింట పుట్టింది. చిన్నప్పటి నుంచి కూచిపూడి, భరతనాట్యం, కథక్ నేర్చుకుంది. ఆ జతుల లయనే ర్యాప్‌లోకి తెచ్చింది. బొట్టూ నగలూ పెట్టుకునే స్టేజీ ఎక్కుతుంది. మొదట్లో ఇతరులకి పాటలు రాసింది. ఫాల్ అవుట్ బాయ్ అనే బృందం 2014లో పాడిన 'సెంచరీస్' రాసినవాళ్ళలో ఆమె ఒకరు. 2017లో ముంబయి ర్యాపర్ డివైన్‌తో 'సిటీ స్లమ్స్' చేసింది. 2019లో ఎంటీవీ హజిల్‌లో న్యాయనిర్ణేతగా కూర్చుంది. పెద్ద కంపెనీలతో పని చేశాక గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుంది. 2023లో 'ది బ్రిడ్జ్' ఆల్బమ్ దాని నుంచే తెచ్చింది.

నాకు నచ్చింది ఆ చివరి ముక్కే. పాడటమొకటే అయితే పాడేవాళ్ళు బోలెడుమంది. ఆమె సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంది.

ఆ కుర్చీ ఆడవాళ్ళకి కొత్తేం కాదు. 1979లో అమెరికాలో ర్యాప్‌ని మొదటిసారి పెద్ద హిట్ చేసిన 'రాపర్స్ డిలైట్' తీసింది సిల్వియా రాబిన్సన్. ముగ్గురు కొడుకుల తల్లి. భర్తతో కలిసి షుగర్ హిల్ రికార్డ్స్ నడిపింది. ఆమె కంపెనీ మీదా కళాకారులకి డబ్బు సరిగా ఇవ్వలేదన్న ఆరోపణలున్నాయి, దాచక్కర్లేదు. కుర్చీలో ఆడదుంటే చాలు, అన్యాయం జరగదని నేననను. కాగితం చదవడం మనకీ వచ్చుండాలంటాను.

ఇక మా ఆయన సంగతి. ఆ కాగితంలో ఏముందో తెలుసా? పాట మీద అన్ని హక్కులూ, ఎల్లకాలానికీ, ప్రపంచమంతటా వాళ్ళవే. ఐదెకరాల కౌలు కాగితమైతే ఈయన కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదువుతారు. కూతురి పాట కాగితమైతే పెన్ను తీశారు. ఎందుకంటే అది పని కాదు, పిల్ల సరదా!

మన చట్టం మాత్రం సరదా అనుకోలేదు. పాట రాసిన క్షణం నుంచీ కాపీరైటు రాసినవాళ్ళదే, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు. 2012లో చేసిన సవరణ ప్రకారం, రికార్డయిన పాట మీద వచ్చే రాయల్టీలో రచయితకి సమాన వాటా ఉంటుంది. వద్దని రాసిచ్చినా ఆ హక్కు పోదు. ఇదంతా నేను వారం రోజులు మధ్యాహ్నం నిద్ర మానుకుని తెలుసుకున్నాను.

ఎందుకంత పట్టుదలంటారా? మా ఆడపడుచు పెళ్ళికి పంచరత్నాలు రాసింది నేను. కొత్త కోడలిని. పప్పు రుబ్బుకుంటూ గణాలు సరిచూసుకున్నాను. రంగు కాగితం మీద అచ్చేసి పెళ్ళిలో పంచారు. కింద మా మామగారి పేరుంది. ఆయన్ని అందరూ మెచ్చుకున్నారు. నేను వడ్డన చేశాను. "ఇంటి గౌరవం కదమ్మా" అన్నారు, సరేనన్నాను. ఆ తరవాత మళ్ళీ పద్యం రాయలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే రాయబుద్ధి కాలేదు.

మన పచ్చళ్ళు, ముగ్గులు, మంగళహారతులు అన్నిటికీ ఇంతే కదండీ. చేసేది మనం, పేరు ఇంటిది.

కాగితం మీద సంతకం పడలేదు. మూడేళ్ళ గడువు, రాయల్టీలో వాటా, రాసినదిగా పిల్ల పేరు, ఇవి కలిపి తిరిగి పంపించాం. ఆ ఛానెల్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. మా ఆయన రెండ్రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు "ఆ రాయల్టీ అంటే ఏవిటో చెప్పు" అనడిగారు. ఐదు వేలు పోయాయని అమ్మాయి కొంచెం ఏడ్చింది కూడా. దానికి నా దగ్గర జవాబు లేదు.

మీ పిల్లలు పాటో, కథో, బొమ్మో చేస్తే ఒక్క పని చేయించండి. కింద పేరూ, తేదీ రాయించండి. మీరు రాసుకున్న పాత నోట్‌బుక్కుంటే, ముందు దాని మీద మీ పేరు రాసుకోండి.