నడుస్తోంది కదా అని ఊరుకోకండి

కన్వర్టర్ స్టేషన్లలో షిఫ్టులు చేసే ఇంజినీర్లకూ, వాళ్ల పైఅధికారులకూ ఒక మాట. స్క్రీన్ మీద మెగావాట్లు నిలకడగా కనిపిస్తున్నంత మాత్రాన లోపలంతా సవ్యంగా ఉందనుకోకండి.

పుగలూరు నుంచి త్రిశూర్‌కు 2021లో ±320 కిలోవోల్టుల డీసీ మార్గం వచ్చింది. సామర్థ్యం 2,000 మెగావాట్లు. అక్కడ పనిచేసేవి మాడ్యులర్ మల్టీలెవెల్ కన్వర్టర్లు. ఇలాంటి కన్వర్టర్‌లో ఒక్కో ఆర్మ్‌కు వందల సబ్‌మాడ్యూళ్లు ఉండొచ్చు. వాటిలో ఒకటి పాడైతే బైపాస్ స్విచ్ దాన్ని తప్పిస్తుంది, కంట్రోలర్ దాని పనిని మిగతావాటికి పంచుతుంది. కరెంటు ఆగదు. నా భయమల్లా అక్కడే. స్టెప్నీ మీద బండి నడుస్తోంది కదా అని పంక్చరైన టైరును డిక్కీలోనే మర్చిపోతాం చూడండి, ఇదీ అంతే. ఆర్మ్‌లో అదనంగా పెట్టిన స్పేర్ సబ్‌మాడ్యూళ్లు ఒక్కొక్కటే ఖర్చైపోతుంటాయి. చివరిదీ అయిపోయాక ఇంకొక్కటి పోతే స్టేషన్ ట్రిప్ అవుతుంది. మోస్తున్న భారమంతా ఒక్కసారిగా పక్కనున్న ఏసీ లైన్ల మీద పడుతుంది.

సబ్‌మాడ్యూల్‌లోని ఐజీబీటీ స్విచ్ షార్ట్ అయితే గేట్ డ్రైవర్ మైక్రోసెకండ్లలో పసిగడుతుంది. అది కాదు అసలు గండం. ఓపెన్ అయినప్పుడు చూడండి. కరెంటు డయోడ్ దారిన పోతుంది, కన్వర్టర్ నడుస్తూనే ఉంటుంది. ఆ సబ్‌మాడ్యూల్ కెపాసిటర్‌కు మాత్రం ఛార్జ్ ఎక్కుతూ పోతుంది, దిగాల్సినంత దిగదు. దాన్ని సకాలంలో గుర్తించకపోతే, లేదా బైపాస్ స్విచ్చే మొరాయిస్తే, కెపాసిటర్ తట్టుకోలేదు. పక్క మాడ్యూళ్లకూ ముప్పే.

ఒకే ఆర్మ్‌లో బైపాస్‌లు పెరుగుతున్నాయా? ఒక కెపాసిటర్ వోల్టేజీ తోటివాటి నుంచి పక్కకు జరుగుతోందా? ఆర్మ్‌ల మధ్య తిరిగే 100 హెర్ట్జ్ కరెంటు మునుపటికన్నా హెచ్చిందా? కూలింగ్ నీటి వాహకత పెరుగుతోందా? వీటిలో దేన్నీ చిన్న అలారం అని కొట్టేయకండి. నీళ్లు చెడినా, ఒకే బ్యాచ్ బోర్డులు ఒకేసారి పోయినా ఎన్ని స్పేర్లున్నా ఆదుకోలేవు.

గాజువాక లాంటి పాత థైరిస్టర్ స్టేషన్లలో ఆరితేరినవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. అక్కడి అలవాటుతో ఇక్కడ అడుగుపెట్టకండి. ఇక్కడ ప్రతి సబ్‌మాడ్యూల్‌లోనూ కెపాసిటర్ ఉంటుంది. 10 మిల్లీఫారడ్ల కెపాసిటర్ 2 కిలోవోల్టుల దగ్గర ఉంటే అందులో 20 కిలోజౌళ్లు దాగి ఉంటాయి. మనిషి ప్రాణం తీయడానికి అందులో పిసరంత చాలు. సరఫరా ఆపినంత మాత్రాన అది పోదు. డిశ్చార్జ్ అయిందో లేదో కొలిచి, ఎర్త్ చేశాకే చెయ్యి పెట్టండి. పని తొందరగా కావాలని ఎవరు చెప్పినా వినకండి.

కంట్రోల్ అల్గారిథమ్‌లు రాసే పిల్లలూ, ఐజీబీటీ చెడిపోవడాన్ని సిమ్యులేట్ చేసి సరిపెట్టకండి. సెన్సార్ అబద్ధం చెబితే? బాగున్న మాడ్యూల్‌నే మీ కోడ్ బైపాస్ చేస్తే? బైపాస్ ఆదేశం వెళ్లినా స్విచ్ పడకపోతే? అవి కూడా పరీక్షించి చూపించండి.

అధికారులను బతిమాలుకుంటున్నాను. స్పేర్లు మిగిలున్నాయి కదా అని మెయింటెనెన్స్ షట్‌డౌన్‌ను వాయిదా వేయకండి. ఏ ఆర్మ్‌లో ఎన్ని బైపాస్ అయ్యాయి, ఇంకా ఎన్ని మిగిలాయి అనే లెక్కను ప్రతి షిఫ్టు అప్పగింతలోనూ రాయించండి. ఆ పని ఈ రాత్రి షిఫ్టు నుంచే మొదలుపెట్టండి.