నడుస్తోంది కదా అని వదిలేయొద్దు

పైథాన్‌లో శాస్త్రవేత్తలు వాడే పరికరాల్లో చాలావాటికి పునాది నమ్‌పై లైబ్రరీ. 2006 తర్వాత దానికి తొలి భారీ మార్పుగా 2024 జూన్‌లో 2.0 వెర్షన్ వచ్చింది. పాతదానికి కంపైల్ చేసిన ప్యాకేజీలు కొత్తదానితో నడవలేదు. అంతకు ముందు ఏడాదే పైథాన్ 3.12 నుంచి, ప్యాకేజింగ్‌కు ఏళ్ల తరబడి వాడిన డిస్ట్‌యుటిల్స్‌ను తొలగించారు. ఆ సంగతి రెండేళ్ల ముందే హెచ్చరించారు కూడా. అయినా ఎన్నో పరికరాలు మూలపడ్డాయంటే, లోపం మార్పుది కాదు, నిర్వహణను పట్టించుకోని మన అలవాటుది.

పాత వెర్షన్‌కే కట్టుబడితే పోలేదా అంటారు కొందరు. అచ్చయిన ఫలితాన్ని మళ్లీ రాబట్టడానికి అది సరైన పద్ధతే. కానీ పదిమంది వాడే పరికరానికి అదే సంకెల అవుతుంది: ఒక ప్యాకేజీ 2.0 కంటే పాతదే కావాలని, మరొకటి కొత్తదే కావాలని పట్టుబడితే రెండూ ఒకచోట ఇమడవు. జవాబులు మారతాయన్న భయమూ న్యాయమైనదే. 32 బిట్ల నమ్‌పై దశాంశ సంఖ్యకు మామూలు పైథాన్ దశాంశ సంఖ్యను కూడితే ఇదివరకు 64 బిట్ల ఫలితం వచ్చేది. ఇప్పుడు 32 బిట్లదే వస్తోంది. ఆ తేడాను పట్టేది టెస్టులే, వాయిదాలు కాదు. అప్‌డేట్ చేయడం, టెస్టులు రాయడం, ప్యాకేజీ కట్టడం పరిశోధనలో భాగమే. విశ్వవిద్యాలయాలు, నిధులిచ్చే సంస్థలు ఆ శ్రమకు జీతం, గుర్తింపు రెండూ ఇవ్వాలి.